షోకేసులో యూ అత్తయ్య

చాలా ఇళ్లలో అద్దాల షోకేసులో, కొండపల్లి అంబారీ ఏనుగుకూ తంజావూరు తలాడించే బొమ్మకూ నడుమ ఒక విమానం కూడా కనిపిస్తుంది. సాధారణంగా అది తెల్లగా, నున్నగా మెరిసే జెట్ విమానమే అయి ఉంటుంది. దాని పక్కన యుంకర్స్ 52 నమూనాను నిలబెట్టి చూడండి. ముక్కు మీద ఒకటి, రెక్కలకు చెరొకటి, మొత్తం మూడు ఇంజన్లు. ఒళ్లంతా గోడౌను పైకప్పు రేకులా గట్లు గట్లు. ఎగిరిన తర్వాత కూడా లోపలికి ముడుచుకోని చక్రాలు. చూడవచ్చినవారు "ఇదేం విమానమండీ, రేకుల షెడ్డుకు రెక్కలు మొలిచినట్టుంది!" అనకపోతే ఆశ్చర్యపడాలి.

అయినా ప్లాస్టిక్ నమూనాలు అతికించే సరదా ఉన్నవారికి ప్రపంచమంతటా ఈ విమానమంటే ప్రత్యేకమైన మక్కువ. ఇటలేరి, ఎయిర్‌ఫిక్స్, హెల్లర్, రెవెల్, ఎడ్వార్డ్ వంటి కంపెనీలు వేర్వేరు సైజుల్లో దీని కిట్లు విడుదల చేశాయి. జిగురు పని, రంగు పని ఎవరైనా ఓపిక ఉంటే నేర్చుకోవచ్చు. అసలు చిక్కు చిట్టచివర, తోక దగ్గర వస్తుంది. అక్కడికి చేరేముందు ఈ విమానం పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి.

పేరూ, పుట్టుకా

ఇంగ్లీషు అక్షరాలను బట్టి మనం "జంకర్స్" అంటాం గాని జర్మన్లు "యుంకర్స్" అనే పలుకుతారు. అందుకే దీని ముద్దుపేరు "టాంటె యూ". జర్మన్ భాషలో టాంటె అంటే అత్తయ్య కావచ్చు, పిన్ని కావచ్చు, పెద్దమ్మ కావచ్చు. చుట్టరికాల విషయంలో మన భాషకున్న వివరం వారికి లేదు. కాబట్టి మనకు నచ్చిన వరుస కలుపుకుని "యూ అత్తయ్య" అనుకుందాం.

ఈ విమానానికి పేరిచ్చిన హ్యూగో యుంకర్స్ 1859లో జన్మించారు. ఆయన మొదట చేసింది విమానాలు కావు, స్నానానికి నీళ్లు కాచే గ్యాసు హీటర్లు. జర్మనీలోని డెసావ్ పట్టణంలో ఆ వ్యాపారం సాగిస్తూ, కొంతకాలం ఆహెన్‌లో ప్రొఫెసరుగా పనిచేస్తూ, నడివయసు దాటాక ఆయన దృష్టి ఆకాశం మీదికి మళ్లింది. ఆ రోజుల్లో విమానమంటే కర్ర చట్రం, దానిపై బిగించిన గుడ్డ, అటూ ఇటూ లాగి కట్టిన తీగలు. విమానాన్ని పూర్తిగా లోహంతోనే చేయవచ్చని యుంకర్స్ పట్టుబట్టి, 1915లో చేసి చూపించారు. 1919లో ఆయన సంస్థ తయారుచేసిన ఎఫ్ 13 ప్రపంచంలో మొట్టమొదటి పూర్తి లోహపు ప్రయాణికుల విమానం.

యూ 52ను రూపొందించిన ఇంజనీరు అదే సంస్థకు చెందిన ఎర్నెస్ట్ సిండెల్. 1930 అక్టోబరులో ఇది మొదటిసారి ఎగిరినప్పుడు ముక్కు మీద ఒకే ఇంజను ఉండేది. అంత పెద్ద శరీరానికి ఆ శక్తి చాలలేదు. రెండు రెక్కలకూ చెరొక ఇంజను చేర్చిన రకం 1932లో వచ్చింది. మనకు బొమ్మల్లో కనిపించే యూ అత్తయ్య ఈవిడే. 17 మంది ప్రయాణికులు, నడుమ నడవ, అటొక సీటు, ఇటొక సీటు. అంటే ప్రతివారికీ కిటికీ పక్క సీటే! నేటి విమానాల్లో మధ్య సీటులో ఇరుక్కుని ప్రయాణించేవారికి ఇది ఈర్ష్య కలిగించే మాటే.

గట్ల రేకు రహస్యం

ఈ విమానం రేకులా ఎందుకుంది? సమాధానం మన కళ్లముందే ఉంది. ఒక పోస్టు కార్డును రెండు గ్లాసుల మీద వంతెనలా పెట్టి దాని మీద రూపాయి బిళ్ల ఉంచితే కార్డు వంగుతుంది. అదే కార్డును విసనకర్రలా మడతలు పెట్టి, ఆ మడతలు ఒక గ్లాసు నుంచి రెండో గ్లాసుకు సాగేలా పెడితే బిళ్లలు మోస్తుంది. బరువు పెరగలేదు, బిగువు పెరిగింది. అల్యూమినియం మిశ్రమ లోహమైన డ్యూరాల్యూమిన్‌ను పలుచని గట్ల రేకులుగా చేసి యుంకర్స్ సాధించింది ఇదే. అమెరికాలో 1926లో ఎగిరిన ఫోర్డ్ ట్రైమోటర్‌కూ ఇటువంటి ఒళ్లే ఉండేది.

అయితే ఉచితంగా వచ్చేది ఏదీ లేదు. గట్ల వల్ల గాలి తగిలే ఉపరితలం పెరిగి వేగం తగ్గింది. 1935 డిసెంబరులో అమెరికా డీసీ-3 నున్నని ఒంటితో, ముడుచుకునే చక్రాలతో ఎగిరేసరికి యూ అత్తయ్య పాతకాలపు మనిషిగా కనిపించసాగింది. కాని గట్టిది. చిన్న మైదానం చాలు, మట్టి నేలైనా ఫరవాలేదు. రెక్కల వెనక అంచున, సన్నని సందు విడిచి, మరో సన్న రెక్కలాంటి పలకలు వేలాడుతుంటాయి. తక్కువ వేగంలోనూ విమానం పడిపోకుండా మెల్లగా దిగడానికి ఇవి తోడ్పడ్డాయి. మూడు ఇంజన్లలో ఒకటి మొరాయించినా మిగిలిన రెండూ గమ్యం చేర్చగలవన్న ధీమా ప్రయాణికులకు ఉండేది. బెర్లిన్ నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి రోమ్‌కు వెళ్లే దారిలో ఆ ధీమా చిన్నదేమీ కాదు.

72వ వంతు లెక్క

స్కేలు మోడల్ అంటే బొమ్మ కాదు, లెక్క. అసలు విమానం రెక్కల కొన నుంచి కొనకు 29.25 మీటర్లు, పొడవు 18.90 మీటర్లు. నమూనాల్లో ఎక్కువగా వాడే కొలత 1/72. అసలు దానిలో ఆరడుగులు ఇక్కడ ఒక అంగుళం. అడుగులు, అంగుళాలలో ఆలోచించే బ్రిటిష్ వారి వల్ల వచ్చిన కొలత ఇది. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ "పెంగ్విన్" పేరుతో తెచ్చిన తొలితరం ప్లాస్టిక్ కిట్లు కూడా ఇదే కొలతలో ఉండేవి.

ఈ లెక్కన యూ 52 రెక్కల వెడల్పు 40.6 సెంటీమీటర్లు, పొడవు 26.2 సెంటీమీటర్లు అవుతుంది. 1/48 కొలతలో రెక్కలు 60.9 సెంటీమీటర్లు. కొనేముందు షోకేసు కొలుచుకోవడం మంచిది! ఇల్లు చిన్నదైతే 1/144 ఉంది. అందులో రెక్కలు 20.3 సెంటీమీటర్లే, అరచేతిలో ఇమిడిపోతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. పొడవు 72వ వంతుకు తగ్గితే వైశాల్యం 5,184వ వంతుకూ, ఘనపరిమాణం 3,73,248వ వంతుకూ తగ్గుతాయి. కాని ప్లాస్టిక్ మందం ఆ లెక్క ప్రకారం తగ్గదు. నమూనాలో ఒక మిల్లీమీటరు మందం ఉంటే, అసలు విమానంలో అది 7.2 సెంటీమీటర్లతో సమానం. అందువల్ల ఎంత మంచి కిట్టులోనైనా గట్లు కొంచెం లోతుగానో, అంచులు కొంచెం మొద్దుగానో ఉండక తప్పదు. నమూనా ఎప్పుడూ కొంత సర్దుబాటే.

అతికించేవారికి నాలుగు మాటలు

యూ 52 అతికించడంలో మొదటి పరీక్ష శరీరం రెండు సగాలనూ కలిపేచోట ఎదురవుతుంది. మామూలు విమానమైతే అతుకు మీద పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసేస్తాం. ఇక్కడ రుద్దితే గట్లు కూడా పోతాయి. ఒకసారి పోయిన గట్టు మళ్లీ రాదు. కాబట్టి ముందు జిగురు లేకుండా పదిసార్లు జత చేసి చూసుకుని, సందు లేకుండా పట్టి ఉంచి, సన్నని కుంచెతో పలుచని జిగురు అంటించాలి. ఈ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. దాని వాసన మంచిది కాదు, కిటికీలు తెరిచి ఉంచాలి, పసిపిల్లల చేతికి అందనీయకూడదు.

రెండోది ఇంజన్లు. రెక్కల మీది రెండు ఇంజన్లూ సూటిగా ముందుకు చూడవు. కొంచెం బయటివైపుకు తిరిగి ఉంటాయి. ఒక పక్క ఇంజను ఆగిపోతే రెండో పక్క ఇంజను లాగే లాగుడుకు విమానం పక్కకు మళ్లిపోతుంది. ఆ మళ్లడాన్ని తగ్గించడానికే ఈ ఏర్పాటు. తెలియని వారు "వంకరగా ఉన్నాయే" అని సరిచేయబోతారు. ఆ వంకరే సరైనది. మూడు ఇంజన్ల కప్పులు కూడా ఒకేలా ఉండవు. నడిమి దానికి సన్నని కంకణం లాంటి కప్పు, పక్కవాటికి వెడల్పాటి కప్పులు.

మూడోది రంగు. లుఫ్తాన్సా విమానాలు వెండిరంగులో, ముక్కూ ఇంజన్ల భాగాలూ నల్లగా ఉండేవి. వెండిరంగు వేలిముద్రను కూడా దాచదు. రంగు వేసేముందు నమూనాను సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, పట్టకారుతో పట్టుకోవాలి. కిటికీలకు ముందే టేపు అంటించాలి.

నాలుగోది డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే సన్నని అక్షరాలు, గుర్తులు. గట్ల మీద ఇవి తిన్నగా కూర్చోవు, గట్టుకూ గట్టుకూ మధ్య గుడారంలా లేచి నిలుస్తాయి. వాటిని మెత్తబరిచే ద్రవం అమ్ముతారు. దాన్ని రాసి, మెత్తని కుంచెతో నొక్కుతూ ఓపికపట్టాలి. ఈ డెకాల్స్ కాగితం చేతికి తీసుకున్నప్పుడే మొదట చెప్పిన చిక్కు వస్తుంది.

ఏ తేదీ నాటికి?

బ్యాంకులో పనిచేసేవారికి బ్యాలెన్స్ షీటు అనగానే ముందు కళ్లు వెళ్లేది పైన ఉన్న తేదీ మీదికి. "మార్చి 31 నాటికి" అన్న మాట లేకపోతే కింది అంకెలకు అర్థం లేదు. స్కేలు మోడల్ కూడా అంతే. ఒక విమానం పుట్టింది మొదలు పాతబడేదాకా రంగులు, అక్షరాలు, గుర్తులు, యజమానులు మారుతూనే ఉంటారు. మనం చేసే నమూనా అందులో ఒకానొక రోజుకు మాత్రమే సరిపోతుంది. ఏ రోజుకు అన్నది మనమే నిర్ణయించాలి. యూ 52 విషయంలో ఆ నిర్ణయం తేలిక కాదు.

1932 అనుకుందాం. ఆ సంవత్సరం లుఫ్తాన్సాలో చేరిన తొలి మూడింజన్ల యూ 52 మీద డి-2201 అన్న నంబరు, "బోల్కే" అన్న పేరు ఉండేవి. తోక మీద ఏ పార్టీ గుర్తూ లేదు. అయితే బోల్కే ఎవరు? మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన జర్మన్ యుద్ధ విమాన చోదకుడు. ప్రయాణికుల విమానానికి కూడా యుద్ధవీరుడి పేరే పెట్టుకున్న రోజులవి.

1933 అనుకుంటే, ఆ ఏడాది జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. కొత్త ప్రభుత్వానికి యుంకర్స్ కర్మాగారాలు కావాలి, యుంకర్స్ అక్కర్లేదు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి విమానాలు చేసి ఇచ్చినవారే. అయినా కొత్త పాలకులతో ఆయనకు పొసగలేదు. దేశద్రోహం కేసు పెడతామని బెదిరించి మొదట పేటెంట్లు, తరువాత కంపెనీల్లో మెజారిటీ వాటాలు రాయించుకున్నారు. డెసావ్‌లో అడుగుపెట్టకుండా నిషేధించారు. 1935 ఫిబ్రవరి 3న, సరిగ్గా తన 76వ పుట్టినరోజున ఆయన మరణించారు. కాగితాల మీద చూస్తే అది వాటాల బదిలీ. సంతకం పెట్టిన చేతి మీద ఎవరి చెయ్యి ఉందో కాగితం చెప్పదు.

1936కు వచ్చేసరికి తోక మీద ఎర్రని పట్టీ, తెల్లని వలయం, అందులో నల్లని నాజీ గుర్తు. అదే సంవత్సరం స్పెయిన్ అంతర్యుద్ధంలో జనరల్ ఫ్రాంకో సేనలను మొరాకో నుంచి స్పెయిన్‌కు చేరవేసింది ఈ విమానాలే. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణం మీద బాంబులు కురిపించిన విమానాల్లో యూ 52లు ఉన్నాయి. పికాసో ప్రఖ్యాత చిత్రానికి పేరిచ్చిన పట్టణం అదే. 17 మందిని కిటికీల పక్కన కూర్చోబెట్టి ఆల్ప్స్ చూపించిన అత్తయ్యే బాంబులు మోసింది.

1941 మే నెలలో క్రీట్ ద్వీపం మీద పారాచూట్ సైనికులను దింపింది కూడా ఇదే. 1942-43 చలికాలంలో స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైన్యానికి తిండీ మందుగుండూ చేరవేయబోయి రెండు వందలకు పైగా యూ 52లు నేలకూలాయి. తిరుగు ప్రయాణంలో అవి గాయపడినవారిని తెచ్చేవి. ఆ విమానంలో చోటు దొరికిన సైనికుడికి అది అమ్మ ఒడి. ఇక జర్మనీలో, యుంకర్స్ పేరుతోనే నడిచిన కర్మాగారాల్లో నిర్బంధ కార్మికులు, కాన్సంట్రేషన్ క్యాంపుల ఖైదీలు పనిచేశారు. పేరుగల మనిషి అప్పటికి చనిపోయి ఎన్నో ఏళ్లు.

యుద్ధం ముగిశాక 1946లో బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ వారు, అంటే నిన్నటి శత్రువులు, పట్టుబడిన యూ 52లనే తమ దేశంలో ప్రయాణికులను తిప్పడానికి కొన్నాళ్లు వాడారు. ఫ్రాన్స్, స్పెయిన్ దేశాలు సొంతంగా తయారుచేసుకున్నాయి. అన్నీ కలిపి దాదాపు 4,800 విమానాలు తయారయ్యాయని అంచనా.

తోక మీద గుర్తు, తలుపు మీద గుర్తు

ఇప్పుడు డెకాల్స్ కాగితం చేతిలో ఉంది. జర్మనీ చట్టం నాజీ గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడాన్ని నిషేధిస్తుంది. అందువల్ల చాలా కంపెనీలు కిట్టులో ఆ గుర్తును ఇవ్వవు, లేదా ముక్కలుగా ఇచ్చి, కలుపుకోవడం కొన్నవారి ఇష్టానికి వదిలేస్తాయి. లుఫ్తాన్సా 1984లో ఒక పాత యూ 52ను కొని, బాగుచేసి 1986 నుంచి ఎగిరించినప్పుడు 1936 నాటి పద్ధతిలో అక్షరాలు వేయించింది గాని తోక మీద ఆ గుర్తు వేయించలేదు.

మన ఇళ్లలో ఈ చిక్కు మరో రూపంలో వస్తుంది. మనకు స్వస్తికం మంగళ చిహ్నం. గడప మీద పసుపుతో, కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో కుంకుమతో వేసుకుంటాం. పిల్లవాడు డెకాల్స్ చూసి "నాన్నా, మన గుమ్మం మీది బొమ్మ జర్మన్ విమానం మీద ఎందుకుంది?" అని అడుగుతాడు. అడగాలి కూడా. "అదేం లేదు, నువ్వు అతికించు" అని దాటవేస్తే రెండు విధాలా నష్టం. అది మనదేనని సంతోషించి దాని వెనకటి ఘోరం తెలుసుకోకపోవచ్చు. లేదా రేపు బడిలో ఆ ఘోరం చదువుకుని, ఇంట్లో అమ్మమ్మ వేసే పసుపు గుర్తును చూసి సిగ్గుపడవచ్చు.

చెప్పవలసింది క్లుప్తంగా ఇది. జర్మన్లు దాన్ని "హాకెన్‌క్రాయిట్స్", అంటే కొక్కేల శిలువ అంటారు. నాజీలు దాన్ని ఏటవాలుగా తిప్పి, ఎర్రని నేపథ్యంలో తెల్లని వలయంలో నల్లగా వేసి, జెండా మీదికి ఎక్కించారు. ఆ జెండా కింద లక్షలాది యూదులను, ఇతరులను పట్టుకుపోయి చంపారు. ఐరోపాలో ఒక ముసలావిడకు ఆ గుర్తు చూస్తే తండ్రిని తీసుకెళ్లిన రాత్రి గుర్తుకు రావచ్చు. మన గుమ్మం గుర్తుకు ఆ పాపంతో సంబంధం లేదు. కాని ఆవిడ బాధ కూడా అబద్ధం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి మనసులో ఉంచుకోవడం పన్నెండేళ్ల పిల్లలకు చేతనవుతుంది. పెద్దలు ఓపికగా చెప్పాలంతే. పర రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటూ, ఇంట్లో ఒక అర్థం, వీధిలో మరో అర్థం ఉన్న మాటల మధ్య పెరిగే మన పిల్లలకు ఇది మరీ కొత్త పాఠం కూడా కాదు.

మరి తోక మీద ఏం చేయాలి? మూడు దారులున్నాయి. మొదటిది, 1936 విమానం చేసి గుర్తు అతికించడం. మ్యూజియంలో, వివరణ పక్కన ఉన్నప్పుడు దానికి అర్థముంది. నలుగురూ పేరంటానికి వచ్చే ముందుగదిలో, బొమ్మల కొలువు మెట్టు మీద దానికి చోటు లేదు. రెండోది, 1936 విమానమే చేసి గుర్తు మానేయడం. ఇది అందరూ చేసే పని. తప్పు లేదు గాని, మానేశామని చెప్పకపోతే చూసేవారికి ఆ విమానం ఏ మచ్చా లేనిదిగా కనబడుతుంది. లెక్కల్లో ఒక అప్పును చూపించకుండా వదిలేసినప్పుడు ఆడిటరు కింద నోటు రాస్తాడు. ఇక్కడా ఆ నోటు ఉండాలి. మూడోది, 1932 నాటి డి-2201 చేయడం. నాకు ఇదే బాగుందనిపిస్తుంది. హ్యూగో యుంకర్స్ ఇంకా తన కర్మాగారానికి తానే యజమాని. తోక మీద దాచవలసిందేమీ లేదు. అయినా దాని పక్కన కూడా ఒక చీటీ ఉండాలి.

అత్తయ్య విశ్రాంతి

అసలు యూ 52లలో ఇప్పుడు మిగిలినవి కొద్ది. వాటిని చూడాలంటే మ్యూజియాలకే వెళ్లాలి. డెసావ్‌లో హ్యూగో యుంకర్స్ పేరిట ఉన్న మ్యూజియంలోని విమానానిది వింత కథ. 1940 ఏప్రిల్‌లో అది నార్వేలో గడ్డకట్టిన ఒక సరస్సు మీద దిగింది. వసంతంలో మంచు కరిగి నీట మునిగింది. దశాబ్దాల తర్వాత పైకి తీసి, పుట్టిన ఊరికి చేర్చారు.

స్విట్జర్లాండ్‌లో వైమానిక దళం 1939 నుంచి 1981 దాకా వాడిన మూడు యూ 52లు ఆ తర్వాత సరదా ప్రయాణికులను ఆల్ప్స్ మీద తిప్పుతూ వచ్చాయి. 2018 ఆగస్టు 4న వాటిలో ఒకటి కొండల మధ్య కూలి, అందులో ఉన్న 20 మందీ మరణించారు. ఆ కొండల్లో మరీ దగ్గరగా, ప్రమాదకరంగా నడపడమే కారణమని 2021లో వెలువడిన దర్యాప్తు నివేదిక తేల్చింది. దర్యాప్తులో పాత లోహంలో తుప్పు, పగుళ్లు కూడా కనిపించాయి. ప్రమాదానికి అవి కారణం కాకపోయినా, ఎనభై ఏళ్ల విమానంలో ప్రయాణికులను ఎక్కించడం మీద ప్రశ్నలు లేవనెత్తాయి. లుఫ్తాన్సా కూడా 2019లో తన యూ 52 ఎగరడానికి ఇచ్చే డబ్బు ఆపేసింది.

ఈ స్థితిలో మూడు ఇంజన్ల యూ అత్తయ్యను ఇంటికి తెచ్చుకునే దారి 72వ వంతు నమూనాయే. ఆసక్తి ఉన్నవారు తమ పిల్లలతో, మనవలతో కలిసి అతికించవచ్చు. పెద్దవారి కళ్లకు అందని చిన్న భాగాలను పిల్లల వేళ్లు అందుకుంటాయి. పిల్లలకు లేని ఓపిక పెద్దలకు ఉంటుంది. పని పూర్తయ్యాక విజిటింగ్ కార్డంత అట్టముక్క మీద తెలుగులో నాలుగు వాక్యాలు పిల్లవాడి చేతనే రాయించి పక్కన పెట్టండి.

"ఇది 1932 నాటి విమానం. దీన్ని తయారుచేసిన సంస్థను 1933లో బలవంతంగా లాక్కున్నారు. తరువాత ఇలాంటి విమానాలు ప్రయాణికులను, గాయపడినవారిని, సైనికులను, బాంబులను మోశాయి. విమానానికి దారి తెలియదు, నడిపేవారు చూపిన దారినే వెళుతుంది."